నాలుగో చక్రం

మొగల్తూరు దాటాక, ఉప్పుటేరు వైపు
మూడెకరాల రొయ్యల చెరువు.
గట్టు మీద పాకలో నేనూ సరోజినీ.
రాత్రి కాపలా నాది.
నాలుగు ఏరేటర్లు తిరుగుతాయి.
వాటిని నేను వినను. పన్నెండేళ్లుగా వినను.
నా నెత్తురు పారే చప్పుడు నాకు వినపడదు కదా, అలాగ.

కానీ ఒకటి గొంతు మార్చిందా,
బెల్టు వదులయ్యో, రెక్కకు నాచు చుట్టుకునో,
మెడ వెనక ఎక్కడో చిన్న గాలం తగులుద్ది.
లేస్తాను.
ఎందుకు లేచానో లేచాక తెలుస్తుంది.

ఆ రాత్రి లేవలేదు.

ఆ రాత్రి ఫోన్లో ఆఖరి ఓవరు.
సౌండు పూర్తిగా కట్టేశాను, చెరువు వినపడాలని.
చూశారా, నేను జాగ్రత్త గల మనిషినే.
నాలుగు బంతులు, పదకొండు పరుగులు.
అరచేతిలో పచ్చటి వెలుగు,
రెండు కళ్ళూ అందులో దింపేశాను.
బౌలరు పరుగు మొదలెట్టాడు.
చివరి మూల, అవతలి గట్టు వారన,
నాలుగో చక్రం ఆగింది.
ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లారేసరికి రొయ్య తేలింది.
నాకంటే ముందు కొంగలకి కబురందింది.
రామభద్రరాజు గారు తిట్టలేదు.
లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి
దోసెడు తీసి చూసుకుని, మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి,
"చెవుల్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నారు.
ఏం పెట్టుకోలేదండి.
అదేనండి నాకూ అర్థం కానిది.

మా ఏలియా కూతురు ఝాన్సీ
కాకినాడలో మెదడు మీద చదువుతోంది.
దాని పరీక్షకి తలకాయలు కావాలంది.
బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం.
వెళ్ళాను.
తీగల టోపీ పెట్టింది, లోపల చల్లటి జిగురు పూసి,
మడిలో అడుగేసినట్టు నెత్తంతా చెమ్మ.
"తెర మీద ఎర్ర చుక్కలు లెక్కెట్టు బాబాయ్.
చెవుల్లో ఏవో చప్పుళ్ళొస్తాయి, వాటినొదిలెయ్."
టిక్కు టిక్కు టిక్కు టిక్కు.
వదిలేశాను. వదిలెయ్యడం నాకు బాగా వచ్చు.

తర్వాత కాగితం చూపించింది.
గట్టులా నడిచే గీత, మధ్యలో ఒక గొయ్యి.
"ఇక్కడ చప్పుడు మారింది. విన్నావు."
"నేను వినలేదే!"
"నువ్వు వినలేదు బాబాయ్. నీ తల వింది."

ఇంకో కాగితం. చుక్కలు గజిబిజిగా పరిగెత్తినప్పటిది.
గొయ్యి పూడిపోయింది, నీళ్ళు పెట్టిన బోదెలాగ.
"మరి ఈ లోతుదేంటి?"
"అది గట్టి చప్పుడు. అప్పుడూ చుక్కల మీదే ఉన్నావు,
అయినా తప్పించుకోలేకపోయావు."
అందరికీ ఇలాగే ఉంటుందా అంటే,
ఇంకా ముప్పై తలలు చూడాలి, అప్పుడే చెప్పకూడదంది.

బస్సులో నాకు నేను చెప్పుకున్నాను:
ఉన్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మరు.
కంటి మోటారు గట్టిగా లాగితే
చెవి దగ్గర బల్బు ఎర్రబడుద్ది.
పాలకొల్లు దాకా ఇదే ఆలోచన.
అరిస్తే ఎవడైనా లేస్తాడు.
నాలుగో చక్రం అరవలేదు,
దూరంగా ఉండేది, సన్నగా మోగేది,
ఆ కాస్తా మానేసింది.

మర్నాడు పాత డబ్బా రేకు కత్తిరించి
దాని పక్కన కట్టాను,
తిరిగినప్పుడల్లా రెక్క తగిలి టంగుమనేలా.
పక్క చెరువు వాళ్ళు గోలన్నారు.
కుక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు.
అననీ.
ఇప్పుడది ఆగితే
రాత్రికి నిలువు లోతు గొయ్యి పడుద్ది,
ఏ ఓవరులో ఉన్నా అందులో పడి తీరతాను.

అన్నం పెడుతూ సరోజిని ఇదంతా విన్నది.
పులుసు గరిటె గిన్నెలోనే ఉంచి,
"నాకూ ఒక రేకు కట్టు" అంది.

నవ్వాను.
నవ్వి, ఫోను బోర్లా పెట్టి చూసేసరికి
తను చెయ్యి కడుక్కుని
అటు తిరిగి పడుకుంది.
ఎప్పటి నుంచి అటు తిరిగి పడుకుంటోందో.
బయట టంగు. టంగు. టంగు.