మూడు డిగ్రీలు

కుతైసిలో మా లిఫ్టులు నాణెం మింగితేగాని కదలవు.
ఉన్న ఒక్క నాణెం దానికి మేపి ఆరో అంతస్తుకెక్కాను.
త్సియాలా తలుపు తీసింది.
"పోయింది, గోచా" అంది,
ఇంట్లో మనిషి పోయినట్టే.

వెనక చెల్లెలు నూనూ, శాలువా బిగించుకుని:
"మూడు రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

నేను ముందుగా చెప్పే మాట ఎప్పుడూ ఒకటే.
పోయిందని మీరనకండి, నన్ను చూడనివ్వండి.
ముప్పయ్యేళ్లలో నన్ను పిలిచిన చావుల్లో
సగం, ప్లగ్గు ఊడినవే.

ప్లగ్గు బిగువుగానే ఉంది.
తలుపు తీస్తే దీపం వెలిగింది.
సగం కోసిన జున్నుగడ్డ, పుల్లరేగు పచ్చడి సీసా,
అన్నీ చల్లగా, బుద్ధిగా.
పై అరలో మాత్రం
నూనూ మడతలు పెట్టిన డెబ్భై ఖింకాలీలు మెత్తబడి
బస్సులో నిద్రపోయిన బడిపిల్లల్లా
ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయాయి.

వెనక్కి తిప్పాను.
దుమ్ము, పిల్లి వెంట్రుకలు, ఒంటి చెవిపోగు.
"నాదే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.
కంప్రెసర్ మీద అరచెయ్యి పెట్టి చూశాను.
రాయి.
వేడెక్కి ఆగింది కాదు, అసలు మొదలే పెట్టలేదు.
రిలే ఊడదీసి చెవి దగ్గర ఊపాను,
లోపల పగిలితే గలగలమంటుంది.
అనలేదు.
మీటరు ముల్లు ఎక్కడ నిలవాలో అక్కడే నిలిచింది.

రోగం లేదు, లేవడం లేదు.
మా బావమరిది ఇలాగే ఉంటాడు.

స్క్రూడ్రైవర్ నోట కరుచుకుని నిట్టూర్చాను.
ఆవిరి.
అంతసేపూ నేను కోటు విప్పలేదని అప్పుడు తెలిసింది.

"ఇది బాల్కనీలోకి ఎప్పుడొచ్చింది?"
అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
"నవంబరులో" అంది నూనూ. "దానికి గురక. నాకు నిద్ర లేదు."
"ఇరవయ్యేళ్లు వంటింట్లో గురకపెట్టింది,
ఎవరైనా చచ్చారా?" అంది త్సియాలా.

బాల్కనీ గాలిలో థర్మామీటరు పెట్టాను: మూడు.
కూరల అరలో పెట్టాను: మూడు.

పాపం, దాని పని
తన కడుపులో వేడిని బయటికి మోసుకెళ్లి పారబోయడం.
లోపలా బయటా ఒకటే అయ్యాక
మోసేదేముంది?
పనైపోయిందనుకుని కూర్చుంది.
పై అరలో మంచు కరిగిపోతోందని
దానికి చెప్పే నరం లేదు,
ఉన్న ఒక్కటీ కింది అరలోనే.

"కొత్తది అంటగట్టాలని చూస్తున్నాడు" అంది నూనూ, నేను లేనట్టే.

ఆ నరం లాగి బయటపెట్టాను,
అగ్గిపుల్లంత రాగి గొట్టం.
పిడికిట్లో పట్టుకున్నాను.
కింద వీధిలో కమలాలవాడు కేకేస్తున్నాడు.
ఒక నిమిషం. ఇంకో అర.
వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

టక్.
ఒళ్లు విదిలించుకున్నట్టు ఒక కుదుపు,
వెంటనే గురక.

త్సియాలా స్టూలు మీద కూలబడింది.
నూనూ నవ్వింది, చిత్రంగా.
"ఆ మోత లేక మూడు రాత్రులుగా కన్నంటలేదు నాకు.
అక్కకి చెప్పకు" అంది,
అక్క ముందే.

నా పిడికిలి తీస్తే మళ్లీ పడుకుంటుందని చెప్పాను.
ముగ్గురం తోశాం. గడప దగ్గర ఇరుక్కుంది,
ఎవరివల్ల ఇరుక్కుందో అక్కడ మరో పేచీ.
వంటింటి లినోలియం మీద దాని నాలుగు కాళ్ల గుంటలు
ఇంకా పూడలేదు.
వాటిలో కాళ్లు పెట్టుకుని నిలబడింది.

రసీదులో "మార్చిన భాగం" అన్నచోట
కాసేపు ఆలోచించి
"చోటు" అని రాశాను.

కరిగినవాటిని మళ్లీ గడ్డకట్టించకూడదు.
పెద్ద గిన్నెలో నీళ్లు మరిగాయి.
నా వంతుకి పదహారొచ్చాయి,
మిరియాలు కాస్త ఎక్కువ.

మెట్లు దిగుతుంటే నాలుగో అంతస్తు దాకా వినబడుతూనే ఉంది
ఆ చెవిపోగు ఎవరిదో.