పది అడుగులు

డిల్లింగ్‌హామ్ రేవుకి సాల్మన్ రావడానికి ఇంకా నాలుగు రోజులు.
ఫియొదోసియా టేపు లాగింది.
ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అవతలి బ్రేకర్ దాకా
పదిహేడు అడుగులు.

"పది దాటకూడదు, దుమ్లావ్."

అతను లెక్క ఒప్పజెప్పాడు:
నలభై ఐదు కేవీఏ. ఇటు యాభై నాలుగు ఆంపియర్లు,
పావు వంతు కలిపితే డెబ్భై బ్రేకర్.
మరీ చిన్నది పెడితే
స్విచ్ వేసిన క్షణాన
ఇనుము మింగే తొలి గుక్కకే పడిపోతుంది.
నూట యాభై పెడితే
చుట్ట కాలి కంపు కొట్టేదాకా నోరు మెదపదు.

"ఇటు సరే. మరి అటు?"

అటు బయల్దేరిన తీగకి
ఇవతలి డెబ్భై కాపలా కాదు.
చేపల నీళ్ళు కారే గొట్టం పక్కనే
పదిహేడు అడుగులు, ఎవరి పూచీ లేకుండా.

తెలుసతనికి.
దగ్గరి గోడ నిండా మేకులు,
ఒక్కో మేకు కింద ఒక పేరు,
రాత్రి షిఫ్టు వాళ్ళు రెయిన్‌కోట్లు తగిలించే చోటు.
ఒక పేరు మీద మూడేళ్ళుగా కోటు లేదు.
మేకు మాత్రం ఎవరూ పీకలేదు.

ఆమె గోడ చూసింది. టేపు చూసింది.
ఏమీ అనలేదు.

మర్నాడు దుమ్లావ్ సుత్తి తిరగేసి
ఒక్కొక్కటే పీకాడు.
అన్నీ డబ్బాలో వేశాడు,
ఒక్కటి జేబులో.

ఫియొదోసియా మళ్ళీ కొలిచి
"తొమ్మిదిన్నర" అని రాసుకుంది.