ఎడమ వైపు చూడండి

మూడు పగళ్ళు, రెండు రాత్రులు,
ముప్పై ఒక్క మంది, ఒక మైకు.
మైకు నాది. స్టీరింగు కురుమూర్తిది.
ఏ రాయి దగ్గర ఎన్ని నిమిషాలో
ఆఫీసులో కాగితం మీద రాసి, ప్లాస్టిక్ అట్ట వేసి మరీ ఇచ్చారు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరం, నలభై నిమిషాలు.
లింగం వెనక గోడ మీద నిలబడ్డ నీడ
పొద్దు తిరిగినా కదలదని చెప్పాను.
"ఏ స్తంభానిదమ్మా అది?"
అడిగింది సుగుణాబాయి, పోస్టాఫీసులో చేసి రిటైరైనావిడ.
ఏ ఒక్కదానిదీ కాదంటారు, అన్నీ కలిసి పడతాయంటారు.
కాగితంలో ఉన్నదే చెప్పాను.
ఆమె మాత్రం ఒక్కో స్తంభం ముందూ
చెయ్యి అడ్డం పెట్టి చూసింది
దొంగను పట్టుకునేదానిలా.

దేవరకొండ కోట సగం ఎక్కి సగం మంది కూలబడ్డారు.
మిగతా సగం పైకెళ్ళి
కూలబడ్డవాళ్ళ ఫోటోలు తీశారు.

కల్వకుర్తి దాటాక కాగితంలో ఒక్కటే లైను:
"భోజనానంతరం ప్రయాణం."
ఆ లైను నిండా పత్తి చేలు,
గుండ్ల మీద గుండ్లు,
రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు,
నోళ్ళు తెరిచి నిద్రపోయే జనం.
బస్సు వాలినప్పుడల్లా సీట్ల కింద నల్లటి గింజలు
అటు దొర్లి, ఇటు దొర్లి.

అక్కడొక మలుపు.
గుంత లేదు, బర్రె లేదు, స్పీడు బ్రేకరు లేదు.
కురుమూర్తి మూడో గేరుకు దిగాడు, తర్వాత రెండుకు.
పసిపిల్ల పడుకున్న అరుగు పక్కనుంచి
నడిచినట్టు నడిపాడు.

రాత్రి సోమశిలలో, కృష్ణ ఒడ్డున,
జొన్నరొట్టె, చేపల పులుసు.
"ఆడ ఎందుకు స్లో చేసినవన్నా?"
ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు.
"ఆ మలుపు మా అమ్మోళ్ళ గుంపు ఏసిందే.
కాళ్ళకు గోనె సంచి కట్టుకొని డాంబర్ తట్ట మోస్తుండె.
నన్ను రోలర్ నీడల పండవెడుతుండె.
రోలర్ జరిగితే నీడ జరుగుతది గద,
అమ్మ ఒచ్చి నన్ను జరుపుతుండె.
గట్ల జరిపిచ్చుకుంట జరిపిచ్చుకుంట
ఒక్క దినంల మలుపంత పండుకొనే దాటిన."
నవ్వాడు.
"పూనల ఏసిండ్రు, బొంబైల ఏసిండ్రు, ఇంకేడేడనో ఏసిండ్రు.
మనూరి దిక్కు ఏసింది గదొక్కటే."
లేచి బస్సు అద్దాలు తుడవడానికి వెళ్ళిపోయాడు.
అద్దాలు పొద్దున్నే తుడిచాడు.

అలంపురం, గంటన్నర.
నవబ్రహ్మల గుళ్ళు, తొమ్మిదింటిలోనూ శివుడే అంటే
అందరూ నవ్వే చోట అందరూ నవ్వారు.
కట్టించిన రాజు పేరు చెప్పాను.
శతాబ్దం చెప్పబోయి ఎందుకో గొంతు పట్టింది.
నీళ్ళు తాగి చెప్పాను.

తిరుగు ప్రయాణం హైవే మీద కావాల్సింది.
ఉల్లిగడ్డల లారీ బోర్లా పడి
వచ్చిన దారే దిక్కయింది.
పొద్దు గూకే వేళ. బస్సంతా గురక.
మలుపు ముందు కురుమూర్తి గేరు మార్చాడు,
అద్దంలో నా వైపు చూడలేదు.
నా చేతిలోకి మైకు ఎలా వచ్చిందో నాకు తెలీదు.

"ఎడమ వైపు చూడండి."

ఉలిక్కిపడి లేచి చూశారు.
కంకర కుప్ప. తుమ్మచెట్టు.
అంకె చెరిగిన కిలోమీటరు రాయి.
"ఏదీ? ఏముంది?"
ఎవరో ఫోను పైకెత్తి, మళ్ళీ దించారు.
నేనేమీ చెప్పలేదు.

సుగుణాబాయి ఒక్కతే కుడి వైపు చూస్తోంది,
కిటికీ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి.
అటు, రోడ్డు దాటి పత్తి చేలో పడిన బస్సు నీడ
మెల్లగా జరుగుతోంది మాతో పాటే,
కొంచెం, ఇంకొంచెం.

దీనికి కాగితంలో నిమిషాలు రాయలేదు.
ఒకటి పట్టింది, మహా అయితే ఒకటిన్నర.
తర్వాత మూడో గేరు పడింది.
గింజలన్నీ ఒక్కసారిగా వెనక్కి దొర్లాయి.