ఆకు పసుపెక్కాక

గ్లాస్గోలో, గోవన్ పేటలో,
ఓడలు కట్టడం మానేసిన చోట
ఇప్పుడు ఉల్లికాడలు కడుతున్నాం, కట్టలు కట్టలుగా.

కింద మట్టిలో సీసం ఉందని
కౌన్సిల్ మనిషి గాజు గొట్టంలో పోసి చూపించాడు.
అందుకని పరంజా పలకలతో పెట్టెలు చేసి
వేరే చోటి మట్టి తెచ్చి పోశాం.
పరాయి మట్టి.
మూడేళ్లకి మాట వినడం మొదలెట్టింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి.
పార పట్టుకోవడం షీనా మెకాస్కిల్ నేర్పింది.
"బ్రేకు తొక్కినట్టు తొక్కకయ్యా,
మట్టికేం కాదు, నీ నడుముకే అవుతుంది."
డెబ్భై నాలుగేళ్లు ఆవిడకి.
కోటు జేబులో ఎప్పుడూ ఒకటే చెంచా.
దాంతోనే నారు లేపుతుంది, దాంతోనే టీ కలుపుతుంది.
మధ్యలో కడిగిందో లేదో
మేమెవరం అడగం.

గురువారం గురువారం డబ్బాలు పంచుతాం.
లిఫ్టు చెడిపోయిన మేడల్లో
నాలుగో అంతస్తుకి క్యాబేజీ మోసుకెళ్లాలి.
మెట్టు మెట్టుకీ దాని బరువు పెరుగుతుంది.
తక్కెడ ఒప్పుకోదు,
మోకాలు ఒప్పుకుంటుంది.

ఆ నాలుగో అంతస్తులోనే లెతెబ్రహాన్ తలుపు తీసింది.
ఎర్రటి రూబార్బ్ కాడ చేతిలో తిప్పి చూసి
"ఇది కూరా, పండా?" అంది.
మాకూ తెలీదన్నాను.
ఏమీ తెలీకుండానే పండిస్తున్నారా అని
మర్నాడు తనే దిగి వచ్చింది, సంగతేమిటో చూద్దామని.
ఇప్పుడు పగిలిన స్నానపు తొట్టిలో
గాజు పలక కప్పిన ఆమె మిరప మొక్కలున్నాయి.
వాటి దగ్గరికి మమ్మల్ని రానివ్వదు.

జూలైలో దొంగ పడ్డాడు.
బంగాళాదుంపల వరసలో సగం,
వేళ్లు పైకి, ఆకులు కిందికి.
గోలీకాయలంత దుంపలు కొన్ని వదిలేసి
కొన్ని పట్టుకుపోయాడు. ఒక పార కూడా.

ఆ సాయంత్రం ఇనప కంటైనర్‌లో మీటింగు.
పదకొండు మందిమి, తొమ్మిది బిస్కెట్లు,
రేకు మీద వాన మాకంటే గట్టిగా మాట్లాడుతోంది.
గొలుసు, తాళం, కెమెరా, అన్నాడు ఇన్నెస్.
ఖర్చు కాగితం మీద రాసే తెచ్చాడు.
షీనా చెంచాతో కప్పు మీద కొట్టింది.
"వాడు దొంగ కాదు, తెలీనివాడు.
తెలిసినవాడైతే ఆగస్టు దాకా ఆగి
మొత్తం ఊడ్చుకుపోయేవాడు."

మర్నాడు ప్లైవుడ్ ముక్క మీద, ఆకుపచ్చ పెయింటుతో:
*ఇవి ఇంకా ఊరలేదు.
ఆకు పసుపెక్కి వాలిపోయాక తవ్వండి.
మొదలుకి జానెడు దూరంలో పార దించండి.
పచ్చబడ్డ దుంప తినకండి, కడుపులో నొప్పి వస్తుంది.*

"దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే," అన్నాడు ఇన్నెస్.
ఆరుగురు బోర్డు వైపు, అయిదుగురు తాళం వైపు.
నేను తాళానికే చెయ్యెత్తాను.
దాచడమెందుకు.

తర్వాత వాన, వాన, రెండు రోజుల ఎండ, వాన.
నత్తలు మాత్రం ఎవరి ఓటూ అడక్కుండా
పాలకూర మీద పని కానిచ్చాయి.

ఆగస్టు మూడో వారం గేటు తీసేసరికి
వరస చివర నాలుగు మొదళ్లు లేవు.
నాలుగూ పసుపెక్కినవే.
తవ్విన గుంటలు పూడ్చి ఉన్నాయి,
అరచేత్తో అదిమిన గుర్తులతో సహా.
పార మాత్రం తిరిగి రాలేదు.

బోర్డు అడుగున, పెన్సిల్‌తో,
తడిసి సగం చెరిగిన వంకర అక్షరాలు:
*మరి బీట్‌రూట్?*

షీనా కళ్లజోడు పైకెత్తి చదివింది,
కిందికి దించి ఇంకోసారి చదివింది.
ఏమీ అనలేదు. పెయింటు డబ్బా తెమ్మంది.
*భుజాలు మట్టి పైకి తేలాక.
ఆకులు పారెయ్యకండి, వేయించుకోవచ్చు.*

ఆఖరి అక్షరం దగ్గర మళ్లీ చినుకులు మొదలయ్యాయి.
ఇన్నెస్ తన గొడుగు తెరిచి
బోర్డు మీద పట్టుకుని నిలబడ్డాడు,
ఒక చెవి పూర్తిగా తడుస్తుండగా,
ఆ పెయింటు ఆరేదాకా,
తాళాల ధర గురించి
మాకు చెబుతూనే.