బిస్కత్తు బూట్లు

తారు మీద ఎడమచేతి వెనకపక్క ఆనిచ్చి
ఏడు దాకా లెక్కబెడతా.
మూడుకే చెయ్యి తీసినానంటే బూట్లు.
ఏడు దాకా ఓర్చుకున్నానంటే ఒట్టి కాళ్లే.
మెహబూలాలో తెల్లారి నాలుగున్నర.
సముద్రం పక్కనుంచి వచ్చే గాలి
పిండకుండా ఆరేసిన గుడ్డ మాదిరి
మొగానికి అతుక్కుంటాది.

బిస్కత్తుకు బూట్లంటే కిట్టదు.
ఎర్ర రబ్బరువి, నాలుగు,
శుక్రవారం సంతలో ఒకటిన్నర దినారు.
తొడిగితే చాలు
ఒక్కో కాలూ పైకెత్తి విదిలిస్తా
బురదలో దిగిన కొత్త పెండ్లికొడుకు నడక.
నాలుగో బూటు యాడో రాల్చుకొస్తాది దినామూ.
ఎనక్కి పోయి ఎతకాల.

మెడపట్టీ వద్దన్నారు, దగ్గొస్తాదంట.
ఎదకు కట్టే పట్టీ నేనే కుట్టినా.
ఎండకు చొక్కా కూడా.
కొట్టులో అబాయా ముక్కలు సంచులకొద్దీ ఉండాయి గానీ
నలుపు ఎండను తాగుతాది.
ఎవురిదో పెండ్లి గౌను లోపలి గుడ్డ, తెల్లది, మూరెడు మిగిలింటే
రెండు మడతలేసి కుట్టి, నీళ్లలో ముంచి తొడిగినా.
కువైట్‌లో పట్టుచొక్కా ఏసుకున్న కుక్క ఇదొకటే అని
రూములో కుసుమావతి ఒకటే నవ్వు.

మొదట నాది కాదిది.
ఎదురింటి టీచరమ్మ, బడికి సెలవులిచ్చినాక,
మూడు పెట్టెలు కిందికి దింపి
రెండు వారాలు చూడు ఓబులమ్మా అని
తాడు నా చేతికిచ్చి పోయింది.
ఆ రెండు వారాలు
మూడు రంజాన్లు దాటినా ఇంకా అయిపోలా.

లిఫ్టులో కుదరదు, మెట్లెక్కి పో అంటాడు హారిస్ అబూ సయ్యద్.
నాలుగు అంతస్తులు.
దానికి తుంటి, నాకు మోకాళ్లు.
రెండో మలుపులో ఇద్దరం కూలబడతాం.
ఎవురు ముందు లేస్తారా అని
ఒకరి మొగం ఒకరం చూసుకుంటాం.

పోయిన నెల కూడు ముట్టలా.
నీళ్లు మాత్రం గిన్నె ఎనక గిన్నె.
చెవి ఎనక గోమార్లేమో అని దువ్వి చూసినా, లేవు.
రెండు టాక్సీలు కుక్కను జూసి ఆపకుండానే పోయినాయి.
మూడోది ఆపిన పఠాను
ఏమీ అనకుండా దిగి
సీటు మీద తన పాత శాలువా పరిచినాడు.

ఆసుపత్రిలో కాయితమిచ్చింది చిన్నపిల్ల.
పేరు. బిస్కత్తు.
వయసు. దేవునికెరుక, తొమ్మిదని రాసుకో.
టీకాలు. ఏసినా, ఇదో రసీదు.
యజమాని?
నేను సంచిలోంచి నా కార్డు తీసి
కఫీలు పేరు చెప్పబోయినా.
ఆ పిల్ల నవ్వింది.
నీకు కాదమ్మా, కుక్కకు.

పంతొమ్మిదేండ్లు.
ఈ దేశంలో నా కాయితాలన్నిట్లో
ఆ గడిలో ఇంకొకరి పేరే.
పెన్ను పట్టుకుని కాసేపు ఊరికే ఉన్నా.
ముందు తెలుగులో రాసినా, ఓబులమ్మ.
కొట్టేసి ఇంగ్లీషులో రాసినా.
అక్షరాలు గడి దాటి పక్కకు పోయినాయి.

కిడ్నీలన్నాడు డాక్టరు.
ఉప్పు లేని తిండి, సంచి పద్నాలుగు దినార్లు.
నెలకు రెండు గౌన్లు రాత్రిపూట కుడితే సరి.
నయమైతాదా అంటే
నీళ్లు ఎప్పుడూ గిన్నెలో ఉండేటట్టు చూడు అన్నాడు.
అడిగిందానికి జవాబు కాదది.
మళ్లా అడగలా.

ఈపొద్దు మబ్బుగా ఉండాది.
ఎనిమిది దాకా లెక్కబెట్టినా, చెయ్యి కాలలా.
బూట్లు సంచిలోనే.
తిరిగొచ్చేతలికి అబూ సయ్యద్
గోడను జూస్తా లిఫ్టు మీట నొక్కి పెట్టుకోనుండాడు.
ఈ ఒక్కరోజే అన్నాడు గోడతోనే.
తలుపు తెరుచుకుంది.
లోపల అద్దంలో ఇంకో కుక్కను జూసి
బిస్కత్తు నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టింది.
లాగితే రాదు. బతిమాలితే రాదు.

ఇంగేం జేసేది, మెట్లే.
రెండో మలుపులో కూర్చున్నాం.
ముందు అదే లేచింది.