మూత మీద రాయి

ఫారంలో ఇరవై రెండు గళ్ళు.
ఎన్ని అక్షరాలు వచ్చు, ఎన్ని అంకెలు వచ్చు,
చేతులు కడుక్కుంటారా, వరసలో నిలబడతారా.
గళ్ళు నింపడానికే వచ్చాను నేను
నారిన్ పట్నం నుంచి, సగం దారి జీపులో, సగం గుర్రం మీద,
సోన్‌కోల్ సరస్సు పక్క వేసవి మేతభూములకు.
అక్కడొక ఉన్నికంబళి గుడారం. అదే బడి.
పదకొండు మంది పిల్లలు,
అందరిలోకీ పెద్దదానికి ఆరేళ్ళు.

నేను వెళ్ళేసరికి
అందరూ పొయ్యి చుట్టూ గొంతుక్కూర్చున్నారు.
ఒక్కరూ లేచి సలాం చెప్పలేదు.
టీచరు బురుల్ పెదవి మీద వేలుంచుకుని
కాస్త జరిగి చోటిచ్చింది.

సంగతేమిటంటే,
ఎర్మెక్ అనే అయిదేళ్ళవాడికి నిన్నటి నుంచి ఒకటే రంధి:
కింద లోయలో మా అవ్వ దగ్గర దుంప తొందరగా ఉడుకుతుంది,
ఇక్కడ నీళ్ళు కుతకుతలాడుతున్నా
లోపల రాయిలాగే ఉంటుంది,
ఎందుకక్కా?

ఇక్కడి దుంపలు మొండివి, అన్నాడొకడు.
పిడకల మంటకి నీరసం, అంది బేగిమాయ్.
బురుల్ అంది: "నాకూ తెలీదు. చూద్దాం."

ఇరవై ఏడేళ్ళుగా బడులు తనిఖీ చేస్తున్నాను.
నాకూ తెలీదు అన్న టీచర్ని చూడటం అదే మొదలు.
చూద్దాం అనే మాట మాత్రం నాకు కొత్త కాదు,
దాంతోనే ఎన్ని అర్జీల్ని అటకెక్కించానో.
దానికి చూడటం అనే అర్థం కూడా ఉందని
ఆ పొగలో, కళ్ళు మండుతుండగా తెలిసింది.

రెండు గిన్నెలు.
నీళ్ళు ఒకే ఎత్తు, వేలి కణుపులతో కొలిచి.
దుంపలు ఒకే సైజు (ఇక్కడొక పోట్లాట, ఒక ఏడుపు).
ఒక గిన్నెకి మూత, మూత మీద సరస్సు ఒడ్డు రాయి.
నా చేతిగడియారం అడిగి పుచ్చుకున్నారు.
పెద్దముల్లు ఒక్కో అంకె దాటినప్పుడల్లా
ఆడుకునే గొర్రె ఎముక ఒకటి చాప మీద పెట్టారు.

రాయి బరువుకి దుంప భయపడి
ఇంకా ఆలస్యంగా ఉడుకుతుందన్నాడు ఎర్మెక్.
ఎనిమిదో ఎముకకి
మూత కింది దుంపలో పుల్ల మెత్తగా దిగింది.
రెండోదానికి పదకొండు పట్టింది.
"నేను తప్పు! నేను తప్పు!"
గుర్రప్పిల్లను గెలుచుకున్నవాడిలా
గుడారం చుట్టూ పరిగెత్తాడు వాడు.

బేగిమాయ్ కదల్లేదు.
ఖాళీ గిన్నె ఆవిరి చూస్తూ చాలాసేపటికి అంది:
"ఈ నీళ్ళు పూర్తిగా వేడెక్కకముందే
తొందరపడి మరుగుతున్నాయేమో."
బురుల్ నా వైపు చూసింది. నేను ఫారం వైపు చూశాను.

వాళ్ళ వయసులోనే నేనూ ఒకసారి అడిగాను,
చలికాలం రాత్రుళ్ళు సరస్సు మంచు ఎందుకు అరుస్తుందని.
తెలిసీ తెలియని వయసు, నోరు మూసుకో అని
చెవి మెలిపెట్టారు.
మంచు అరుస్తూనే ఉంది.
నేను మళ్ళీ అడగలేదు.

ఆ మాటే బురుల్‌తో అంటే, దుంప తొక్క తీస్తూ నవ్వింది.
"తెలిసీ తెలియని వయసే కావాలండీ నాకు.
ఉడికీ ఉడకనప్పుడే కదా
పుల్ల గుచ్చి చూస్తాం."

గళ్ళు నింపాను.
ఎర్మెక్‌కి నాలుగు అక్షరాలు వచ్చు అని రాశాను, నిజమే కాబట్టి.
వస్తూ వస్తూ వాళ్ళ మూటలోంచి
అదే సైజు దుంప ఒకటి
జేబులో వేసుకొచ్చాను, అడక్కుండానే.

ఆ రాత్రి నారిన్‌లో, నా వంటగదిలో,
గిన్నె మీద మూత పెట్టకుండా కూర్చున్నాను.
ఎముకల్లేవు, చొక్కా బొత్తాలు పేర్చాను.
ఎనిమిది.
మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

ఇంకా కింద ఓష్‌లో ఉంటుంది మా అక్క.
ఫోను చేశాను.
అక్కా, ఒక దుంప ఉడకేసి ఎంతసేపు పట్టిందో చెప్తావా?
ఈ వేళప్పుడా, మతిపోయిందా నీకు, అంది.
తరవాత కాసేపు ఏమీ లేదు.
గిన్నెల చప్పుడు.
పంపు తిప్పిన చప్పుడు.
"ఒరేయ్, ఎంత పెద్దది వెయ్యమంటావు?"