చేతి లూజు

ఊళ్ళో ఆడవాళ్ళ జబ్బల కొలతలన్నీ నా దగ్గరున్నాయి,
పొడుగు నోటుబుక్కులో, పెన్సిలుతో.
పోస్టుమాస్టరు గారావిడ పదమూడున్నర.
రొయ్యల మేత డీలరు కొత్తకోడలు తొమ్మిది, అదీ లూజుగా.
నాది మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు.
తన చేతికి తనే టేపు చుట్టుకోవాలంటే
కొసని పళ్ళతో పట్టుకోవాలి.

పట్టుకున్నాను, మొన్న కార్తీకంలో.
పద్నాలుగు.
టేపు పాతదై కుంచించుకుపోయిందేమోనని కొత్తది కొన్నాను.
పద్నాలుగూ పావు.

పాలకొల్లు కాలవగట్టు మీద, ఎరువుల కొట్టు పైన జిమ్ము.
సగం మెట్ల దాకా పురుగుమందు వాసన,
అక్కణ్ణించి రబ్బరు వాసన.
మావుళ్ళు చూపించాడు ఆ మిషను:
నిలువునా ఒక స్తంభం, రెండు పిడులు, రెండు పెడళ్ళు.
"ఎక్కండి మేడం."
ఎక్కాను. ఎక్కుతూనే ఉన్నాను.
ఎదురుగా గోడ అక్కడే ఉంది,
గోడమీద కండల మనిషి అక్కడే నవ్వుతున్నాడు,
కిటికీలో ధాన్యం లారీ పట్టా అక్కడే రెపరెపలాడుతోంది.
అంకె ఒక్కటే పెరుగుతోంది. యాభై అడుగులు. అరవై.
జబ్బలో ఎక్కడో పాత కుట్టు
పటపటా విడిపోతున్నట్టు.

ఇంక నా వల్ల కాదంటే
"మా నాన్న రోజుకి ముప్ఫై చెట్లండీ" అన్నాడు మావుళ్ళు.
అంతకు మించి ఏమీ అనలేదు.

ఒకరోజు ఆ నాన్నే వచ్చాడు, పెద్దింట్లు,
కొడుకు మర్చిపోయిన టిఫిను డబ్బాతో,
భుజాన బందం, మొలకి కత్తి.
అరికాళ్ళు నా కుట్టుమిషను తోలుబెల్టు రంగు.
జబ్బలు పదిన్నర కూడా ఉండవు,
నరాలు మాత్రం పైనించి వేసి కుట్టిన డోరీలు.
"ఓసారి ఎక్కనా?" సిగ్గుపడ్డాడు.

ఎక్కాడు.
చప్పుడు లేదు, ఆయాసం లేదు.
నలభై అడుగుల దగ్గర ఓ చెయ్యి వదిలి
గాల్లో తడిమాడు, గెల కోసం.
తనే నవ్వేశాడు.
మేం ఎవరం నవ్వలేదు.
"బానే ఉందిరా. దిగడం ఎలాగ?"
"దిగక్కర్లేదు నాన్నా. ఆపేస్తే కిందే ఉంటావు."
కాసేపు ఆలోచించాడు.
"ఎక్కేటప్పుడు చేతులండి," అన్నాడు నాకేసి తిరిగి,
"దిగేటప్పుడే గుండెకాయ."
డబ్బా బల్లమీద పెట్టి మెట్లు దిగాడు,
గోడ పట్టుకుని,
ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ.

నెలాఖరుకి నాది పదమూడు ముప్పావు.
పన్నెండు వందలకి అర అంగుళం.
అర అంగుళం అంటే ఎంతో నాకు తెలీదూ?
అందరి జాకెట్లలోనూ లోపల నేను వదిలే గుడ్డలో
సగానికి సగం కాదు.

రాత్రి ట్యూబులైటు కింద నీలం జాకెట్టు తిరగేసి
చెయ్యి బిగిద్దామని కూచున్నాను.
సూదిలోకి దారం ఎక్కింది.
కిటికీ అవతల ఎవరిదో కొబ్బరిచెట్టు,
మట్టల్లో గాలి.
తలెత్తి చూశాను,
మొదటిసారి, అడుగుల్లో.